ఉన్నాసీకీ నవాసీకీ మధ్య

హిందీలో డెబ్బై తొమ్మిదిని ‘ఉన్నాసీ’ అంటారు, ఎనభై తొమ్మిదిని ‘నవాసీ’ అంటారు. తెలుగులో డెబ్బై తొమ్మిది అనగానే డెబ్బయీ వినిపిస్తుంది, తొమ్మిదీ వినిపిస్తుంది. ఇరవై దాకా నేర్చుకున్న పిల్లలు పదుల పేర్లు తెలిస్తే చాలు, ఆ పైన తమంతట తామే అల్లుకుపోతారు. హిందీలో ఆ సౌకర్యం లేదు. వందదాకా దాదాపు ప్రతి సంఖ్యకీ ఒక సొంత పేరుంది, దాన్ని విడిగా కంఠస్థం చేయాలి. పైగా ‘ఉన్నాసీ’ అనే మాటలో డెబ్బై ఊసే లేదు, అది ఎనభైకి ఒకటి తక్కువని చెప్పే మాట. జంషెడ్‌పూర్ బస్తీలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే పిల్లాడు బళ్లో ‘ఉన్నాసీ’ విని పలక మీద 89 వేస్తే, వాడికి లెక్కలు రావని అనుకునే టీచర్లున్నారు. వాణ్ణి దగ్గరికి పిలిచి, మీ ఇంట్లో ఈ అంకెని ఏమంటారని అడిగే టీచర్లూ ఉన్నారు. వలస కుటుంబాల పిల్లల చదువు గురించి దేశదేశాల్లో జరిగిన చర్చంతా ఈ ఇద్దరు టీచర్ల మధ్య ఉన్న తేడా దగ్గరికే వచ్చి చేరుతుంది.

అంకెలతోనే అయిపోదు. హిందీలో రొట్టె ఆడది, అన్నం మగది. తెలుగులో రెండూ ‘అది’. పక్క బల్ల మీద కూర్చున్న సంతాల్ పిల్లకి అసలా ఆడా మగా తేడాయే కొత్త. సంతాలీ వ్యాకరణం లోకాన్ని ప్రాణం ఉన్నవి, లేనివి అని విడదీస్తుంది. ఆ పిల్ల ‘రోటీ అచ్ఛా హై’ అన్నప్పుడు చేసింది తప్పే. అయితే ఆ తప్పుకు కారణం మందబుద్ధి కాదు, తల్లి నేర్పిన వ్యాకరణం. ఇది తెలిసిన టీచరు ఒకలా దిద్దుతుంది, తెలియని టీచరు ఇంకోలా దిద్దుతుంది.

ఈ సమస్యను పరిశీలించడానికి జంషెడ్‌పూర్‌ కంటే మంచి ఊరు దొరకదు. ఊరికి ఊరే వలసతో పుట్టింది. 1907 ఆగస్టు 26న టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ నమోదయింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె పక్కన కర్మాగారం లేచింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919 జనవరి 2న వైస్రాయ్ చేమ్స్‌ఫర్డ్ వచ్చి సాక్చికి జంషెడ్జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి, బిహార్, బెంగాల్, పంజాబ్‌ల నుంచి జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్లూ రైలెక్కారు. ఆ పల్లెల్లో ఇప్పటికీ జంషెడ్‌పూర్ అనరు, ‘మావాడు టాటాలో ఉన్నాడు’ అంటారు. కొలిమి దగ్గర మగవాళ్లు, తట్ట మోసే ‘రేజా’లుగా ఆడవాళ్లు పనిచేశారు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ ఆ తరం కష్టార్జితంలోంచి లేచినవే.

వచ్చినవాళ్లు గుడి కట్టుకున్నాక బడి కట్టుకున్నారు. కేరళ సమాజం మోడల్ స్కూల్, దక్షిణ భారత మహిళా సమాజం వారి డీబీఎంఎస్ స్కూల్ లాంటి పేర్లు వింటేనే వాటి పుట్టుక తెలుస్తుంది. ఆ బళ్లు ఇంగ్లీషు మీడియంలో పేరు తెచ్చుకున్నాయి. కంపెనీ క్వార్టర్లలో నెలజీతం ఉన్న కుటుంబాలకు ఆ దారి బాగానే నప్పింది. ఇంట్లో పుస్తకాలు, నెలనెలా ఫీజు, చదువుకున్న తల్లి ఉన్నప్పుడు పిల్లలు భాష మారినా నిలదొక్కుకుంటారు. చిక్కు క్వార్టర్ల అవతల ఉంది. కర్మాగారం చుట్టూ పెరిగిన బస్తీల్లో, ఊళ్లో రాజకీయంగా ‘86 బస్తీలు’ అని పేరుపడ్డ ఇళ్లలో, కాంట్రాక్టు కూలీల పిల్లలు ప్రభుత్వ బడికే వెళతారు. అక్కడ బోర్డు మీద ఉండేది హిందీ.

వలస వచ్చిన ఇంటి పిల్లలు పైకి రాలేదా అని అడిగేవాళ్లు రఘుబర్ దాస్‌ను చూపిస్తారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన టాటా కార్మికుడి కొడుకు. భాలుబాసా హరిజన్ హైస్కూల్లో చదివాడు. 2014లో ఝార్ఖండ్ ముఖ్యమంత్రి అయ్యాడు. నిజమే, గర్వించదగ్గ ఉదాహరణ. అయితే ఛత్తీస్‌గఢీకి హిందీ పక్కింటి భాష. తెలుగింటి నుంచో, సంతాల్ గూడెం నుంచో అదే తరగతిలోకి నడిచి రావడం అంతకంటే దూరప్రయాణం.

ఇక్కడ జంషెడ్‌పూర్ మనకు ఒక వింత చూపిస్తుంది. ఎనిమిది వందల కిలోమీటర్లు రైల్లో వచ్చిన తెలుగు పిల్లాడు, పది కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి వచ్చిన సంతాల్ పిల్ల, ఇద్దరూ తరగతి గదిలో వలసవాళ్లే. ఈ నేల సంతాల్‌లది, హోలది, భూమిజులది. ఝార్ఖండ్ గిరిజన సంక్షేమ పరిశోధన సంస్థ, యూనిసెఫ్ కలిసి చేసిన అధ్యయనంలో రాష్ట్రంలో నూటికి 96 మంది ఇంట్లో మాట్లాడేది పాఠ్యపుస్తకాల హిందీ కాదని తేలింది. సంతాలీలో నీళ్లు ‘దాక్’, అన్నం ‘దాకా’. హిందీ తరగతిలో ఆ పిల్ల నోరు తెరిచి అడగలేకపోయే మొదటి రెండు మాటలు అవే అయి ఉంటాయి. ఇంకో చుట్టరికం కూడా చెప్పుకోవాలి. ఝార్ఖండ్‌లో ఉరావ్‌లు మాట్లాడే కురుఖ్ ద్రావిడ భాష. కంటిని ‘ఖన్’ అంటారు, పంటిని ‘పల్’ అంటారు. ఉరావ్ పిల్లాడూ తెలుగు పిల్లాడూ భాష వరసలో జ్ఞాతులు. తరగతిలో ఎవరూ వాళ్లకా సంగతి చెప్పరు.

చట్టం ఏమంటుంది? చట్టం చాలా మంచి మాటలే అంటుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఏ అధికరణం చెబుతోంది. అంతకుముందే, 1949లో, ఒక బడిలో 40 మంది గానీ ఒక తరగతిలో 10 మంది గానీ ఒక భాష పిల్లలుంటే ఆ భాష టీచరును వేయాలని రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, వీలైనంత మేర మాతృభాషలోనే బోధన సాగాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా అదే మాట చెప్పింది. ‘వీలైనంత మేర’ అన్న మాటే తలుపు తీస్తుంది, అదే మూసేస్తుంది. ఝార్ఖండ్ 2011లోనూ 2018లోనూ రెండో అధికార భాషల జాబితా పెంచుకుంటూ వచ్చింది. సంతాలీ, హో, ముండారీ, కురుఖ్, బెంగాలీ, ఒడియా, ఉర్దూ, భోజ్‌పురీ, మైథిలీ అన్నీ అందులో ఉన్నాయి. తెలుగు లేదు. పొరుగున పశ్చిమ బెంగాల్ మాత్రం ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది.

మాతృభాషలో బడి పెట్టడం అయ్యే పనేనా? అవుతుందని ముంబయి, సూరత్ నగరపాలక సంస్థలు చేసి చూపించాయి. మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, తమిళం, కన్నడం, ఇంగ్లీషుతో పాటు తెలుగు మీడియంలోనూ ముంబయి కార్పొరేషన్ బళ్లు నడిపింది. పాలమూరు కూలీలూ, మరమగ్గాల కోసం వెళ్లిన పద్మశాలీలూ తమ పిల్లలను వాటిల్లో చేర్చారు. మేలు జరిగింది. తర్వాత పిల్లలు తగ్గారు. పదో తరగతి దాటాక తెలుగులో ముందుకు వెళ్లే దారి ఆ నగరంలో లేనప్పుడు తల్లిదండ్రులు ఎందుకు చేరుస్తారు? అందుకని విడి బడి ఒక్కటే పరిష్కారం కాదు. ఆ పిల్లలకు చివరికి ఆ ఊరి భాష రావాలి, ఊరి పిల్లలతో స్నేహం కావాలి. అసలు ప్రశ్న ఆ ఊరి భాషకి వాళ్లను ఏ మెట్ల మీదుగా తీసుకెళ్లాలన్నదే.

మెట్లు ఎన్ని అన్న దాని మీద పరిశోధన ఉంది. కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ 1979 నుంచి ఈ విషయం రాస్తూ వచ్చాడు. వలస పిల్లలకు ఆటల్లో, బజారులో మాట్లాడే భాష రెండేళ్లలో పట్టుబడుతుంది. పాఠం అర్థం చేసుకుని, కారణం రాయగలిగే భాష రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. టీచర్లు మోసపోయేది ఈ రెండింటి మధ్యనే. పిల్ల గలగలా హిందీ మాట్లాడుతోంది కదా, పరీక్షలో ఎందుకు రాయదు, బద్ధకమే అనుకుంటారు. అమెరికాలో ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు 1,800 మంది చైనా పిల్లలను ఇంగ్లీషు నేర్పే ఏ సాయమూ లేకుండా ఇంగ్లీషు తరగతుల్లో కూర్చోబెట్టారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974లో కోర్టు తేల్చింది. అర్ధశతాబ్ది దాటినా మన బళ్లలో చాలా చోట్ల ఆ తీర్పులోని మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఇక టీచర్ల దగ్గరికి వద్దాం. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లాలోని ఊరు పరితేవాడి. 2009లో రంజిత్ సింహ్ డిసలే అక్కడి జిల్లా పరిషత్ బడికి వచ్చేసరికి బడి పశువుల కొట్టం పక్కన ఉంది. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం, పుస్తకాలు మరాఠీ. ఇలాంటి చోట చాలామంది బదిలీకి అర్జీ పెట్టుకుంటారు. డిసలే కన్నడం నేర్చుకున్నాడు. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పుస్తకాలను పిల్లల భాషలోకి మలుచుకున్నాడు, వాటి మీద క్యూఆర్ కోడ్‌లు అతికించి పాటలూ కథలూ వీడియోలూ వినిపించాడు. 2020 డిసెంబరులో పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చినప్పుడు అందులో సగం తనతో పాటు తుది పోటీలో నిలిచిన తొమ్మిది మందికి పంచేశాడు. పత్రికలు క్యూఆర్ కోడ్ గురించి ఎక్కువ రాశాయి. అంతకంటే పెద్ద పని ఆయన కన్నడం నేర్చుకోవడం. కోడ్ ఎవరైనా అతికించవచ్చు. పిల్లలంతా ఒక పెద్దాయన భాష నేర్చుకోవాలా, ఆ పెద్దాయనే పిల్లల భాష నేర్చుకోవాలా అన్న ప్రశ్నకు ఆయన రెండోదాన్ని ఎంచుకున్నాడు.

కేరళ కథ ఇంకాస్త ముందుకు వెళ్లింది. ఎర్నాకుళం జిల్లా బినానిపురం పారిశ్రామిక వాడ పక్కన ఉన్న ప్రభుత్వ హైస్కూల్లో స్థానికుల పిల్లలు తగ్గిపోయి బిహార్, బెంగాల్, ఒడిశా కూలీల పిల్లలు నిండారు. మలయాళం అర్థం కాక వాళ్లు మూగగా కూర్చునేవారు. అక్కడి టీచరు జయశ్రీ వాళ్లతో వాళ్ల భాషలో మొదలుపెట్టి, ఒక్కో మాటా మలయాళంలోకి జరుపుతూ పాఠం చెప్పే పద్ధతి పట్టింది. తరగతికి గంటన్నర ముందే బడికి రమ్మనేవారు, టిఫిన్ పెట్టేవారు. టిఫిన్ చిన్న విషయం కాదు. తెల్లవారుజామునే షిఫ్టుకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు బడికి ఖాళీ కడుపుతో వస్తారు. ఆ అనుభవమే 2017లో జిల్లా పథకమై ‘రోష్నీ’ అనే పేరు పెట్టుకుంది. కొచ్చి రిఫైనరీ డబ్బుతో, హిందీ, బెంగాలీ, ఒడియా, మలయాళం తెలిసిన వాలంటీర్లతో డజన్ల కొద్దీ బళ్లకు పాకింది. అక్కడ పుట్టిన ముఖ్యమైన ఆలోచన ఒకటుంది. పిల్లల ఇంటి భాషను పాఠానికి అడ్డమనుకోకుండా, పాఠానికి మొదటి మెట్టు అనుకోవడం. 2020లో ఎర్నాకుళం జిల్లాలోనే ఒక బిహారీ వలస కార్మికుడి కూతురు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం బీఏ పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకుంది. ఆ అమ్మాయి విజయం రోష్నీ ఖాతాలో వేయడానికి లేదు గానీ, వలస పిల్లలంటే వెనకబడ్డవాళ్లన్న మాట నిలవదని చూపించింది.

ఇలాంటి టీచర్లు వేరే చోట్లా ఉన్నారు. లండన్ ఆల్పర్టన్ స్కూల్లో చిత్రలేఖనం చెప్పే ఆండ్రియా జఫిరాకూ, 35 భాషలు వినిపించే ఆ బడి గేటు దగ్గర నిలబడి పిల్లలను వాళ్ల వాళ్ల భాషల్లో పలకరించేది. 2018లో గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఆమెకే వచ్చింది. కలకత్తాలో సిస్టర్ సిరిల్ 1979 నుంచి మూడు దశాబ్దాలు లొరెటో సియాల్దా బడి నడిపి, ఫీజు కట్టే పిల్లల చేతే వీధి పిల్లలకు చదువు చెప్పించింది. ఇటుక బట్టీల పిల్లల దాకా ఆ పని వెళ్లింది.

బట్టీల మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగాలి. వలస రెండు రకాలు. స్థిరపడే వలస ఒకటి, ఏటా వెళ్లి తిరిగొచ్చే వలస మరొకటి. రెండోదే పిల్లలను ఎక్కువ దెబ్బ తీస్తుంది. 2013లో మన పల్లెల్లో సీజనల్ వలస వెళ్లే ఇళ్లలో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 1 కోటీ 7 లక్షల మంది ఉన్నారని యునెస్కో 2019 నివేదిక చెప్పింది. ఆ ఇళ్లలో 15 నుంచి 19 ఏళ్ల వాళ్లలో నూటికి 28 మందికి చదవడం రాదు లేదా ప్రాథమిక విద్య పూర్తి కాలేదు. దేశం మొత్తం మీద అది 18 శాతం. నవంబరులో ఊరి బడిలో పేరుంటుంది, మనిషి ఉండదు. జూన్‌లో మనిషి వస్తుంది, పేరు కొట్టేసి ఉంటుంది.

ఇలాంటి పిల్లలు చాలామందికి తెలుగునేలే వలస వచ్చే చోటు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఒడిశాలో బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ‘దాదన్’ కూలీలుగా వేల కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. 2017లో రాచకొండ పోలీసులు కమిషనర్ మహేశ్ భగవత్ ఆధ్వర్యంలో బట్టీల్లో పనిచేస్తున్న వందల మంది పిల్లలను గుర్తించారు. ఆ తర్వాత బట్టీల దగ్గరే ఒడియా టీచర్లతో, ఒడియా పుస్తకాలతో బళ్లు పెట్టారు. జంషెడ్‌పూర్‌లో తెలుగు పిల్లాడికి ఏ సాయం అందాలని మనం కోరుకుంటామో, భువనగిరి పక్కన ఒడియా పిల్లకి సరిగ్గా ఆ సాయమే అందింది. అంతకుముందే 1991 నుంచి ఎం.వి.ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో బ్రిడ్జి క్యాంపులతో పనికి వెళ్లే పిల్లలను వాళ్ల వయసుకు తగ్గ తరగతిలోకి చేర్చి చూపింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు తెచ్చిన పని అదే. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ ఫౌండేషన్ ‘మస్తీ కీ పాఠశాల’ పేరుతో బస్తీల్లో పనిచేసే పిల్లలను బడికి తెస్తోంది. అదే సంస్థ పల్లెల్లో సంతాల్‌ల ఓల్ చికీ లిపి, హోల వారంగ్ చితి లిపి నేర్పే కేంద్రాలు నడుపుతోంది. రెండు పనులూ మంచివే. అయితే ఒకటి హిందీ బడికి తీసుకెళుతుంది, ఇంకొకటి బడి బయట మాతృభాష నేర్పుతుంది. రెండూ ఒకే గదిలో, ఒకే టీచరు నోట కలిసినప్పుడు పిల్లలకు అసలు లాభం.

టీచరు అంకితభావం గురించి రాసేటప్పుడు మనం తేలిగ్గా ఒక పొరపాటు చేస్తాం. ఒక డిసలే కన్నడం నేర్చుకున్నాడు కదా, మిగతావాళ్లకేమైంది అంటాం. ఝార్ఖండ్‌లో మిగతావాళ్ల పరిస్థితి ఏమిటో జ్ఞాన విజ్ఞాన్ సమితి 2022లో 16 జిల్లాల్లో 138 బళ్లు తిరిగి చూసింది. అయిదింట ఒక బడిలో ఒక్కరే టీచరు. అయిదు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్క, రిజిస్టర్లు అన్నీ ఒక్క మనిషే చూడాలి. కరోనాకు మూతపడ్డ బళ్లు రెండేళ్ల తర్వాత తెరిచేసరికి చాలామంది పిల్లలు చదవడం రాయడం మరిచిపోయారని టీచర్లే చెప్పారు. ప్రాథమిక బళ్లలో పనిచేసేవాళ్లలో సగానికి పైగా పారా టీచర్లు, పక్కా ఉద్యోగం కానివాళ్లు. ఆ టీచరును సంతాలీ నేర్చుకో, తెలుగు నేర్చుకో, గంట ముందు రా అని అడగడం న్యాయం కాదు. అంకితభావం ఒక మనిషిలో పుడుతుంది గానీ, అది బతకడానికి రెండో టీచరు కావాలి, పుస్తకం కావాలి, జీతం కావాలి.

రెండో టీచరు ఎవరు? ఇక్కడ ముంబయి, వడోదర అనుభవం పనికొస్తుంది. వెనకబడ్డ పిల్లలకు రోజూ రెండు గంటలు విడిగా చెప్పడానికి ప్రథమ్ సంస్థ ఆ బస్తీల్లోని యువతులనే ‘బాలసఖి’లుగా పెట్టింది. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఆ పనిని 2001 తర్వాత కొలిచి చూశారు. పిల్లల మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఆ సాయం ఆగిపోయాక లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా. రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. బస్తీలోనే ఇంటి భాష తెలిసిన చెయ్యి దొరుకుతుంది, కానీ ఆ చెయ్యి ఒక ఏడాదికి వచ్చి పోయేది కాకూడదు.

ఈ దృష్టితో చూస్తే జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల చేతిలో ఒక పని ఉంది. ఉగాదికి సభలు పెట్టే సంఘాలున్నాయి, గదులున్నాయి, ఇంటర్ పాసై ఉద్యోగం వెతుక్కుంటున్న తెలుగు, హిందీ రెండూ వచ్చిన ఆడపిల్లలున్నారు. వాళ్లకు చిన్న జీతమిచ్చి, దగ్గరి ప్రభుత్వ బడి హెడ్మాస్టరుతో మాట్లాడి, బడికి ముందు గంటన్నర తరగతి పెట్టవచ్చు. అందులోకి ఒక్క తెలుగు పిల్లలనే కాక పక్కింటి సంతాల్, ఉరావ్ పిల్లలనూ పిలవాలి. వాళ్ల కోసం సంతాలీ, కురుఖ్ వచ్చిన ఒక యువతినీ పెట్టుకోవాలి. తరగతిలో పది మంది, బడిలో నలభై మంది అన్న 1949 నాటి ఒప్పందాన్ని అర్జీలో రాసి జిల్లా విద్యాధికారికి ఇవ్వవచ్చు.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకు ఇంకో పని ఉంది. నవంబరు రాగానే మీ ఊరి శివార్లలో ఇటుక బట్టీ రాజుకుంటుంది. అక్కడ అమ్మానాన్నల పక్కన మట్టి పిసుకుతూ పిల్లలు కనిపిస్తే దగ్గరి బడి హెడ్మాస్టరుకు చెప్పండి. వయసు కాగితం లేదనో, పాత బడి నుంచి టీసీ రాలేదనో ఆ పిల్లలను వెనక్కి పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడ్డ పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలని అదే చట్టం నాలుగో సెక్షన్‌లో ఉంది.